గ్రీకు జానపద సంగీతం నేర్చుకునేవారికి వాద్యాల ఎంపిక: బుజుకి నుంచి లీరా దాకా

గ్రీకు సంగీతం విని ఆకర్షితులైనవారిలో చాలామంది నేరుగా బుజుకి అనే తీగెల వాద్యం కొనడానికే సిద్ధపడతారు. ఆ దేశం వెలుపల అందరికీ తెలిసిన గ్రీకు వాద్యం అదే కావడం ఇందుకు కారణం. అయితే గ్రీసులో ప్రతి వాద్యమూ ఒక ప్రాంతానికి, ఆ ప్రాంతపు నృత్యానికి, ఆ నృత్యపు తాళానికి కట్టుబడి ఉంటుంది. వాయవ్య గ్రీసులోని ఎపిరస్ కొండల శోకగీతం విని కరిగిపోయిన వ్యక్తి బుజుకి కొంటే, ఎంతకాలం సాధన చేసినా తాను విన్న ధ్వని తన చేతికి రాదు. ఆ పాట ప్రాణమంతా క్లారినెట్ ఊదేవారు స్వరం నుంచి స్వరానికి జారే తీరులో ఉంది గాని, మెట్ల మీద మీటే తీగెలో లేదు. అందువల్ల ఇక్కడ వాద్యాలను పోల్చేటప్పుడు ఏది ఎంత మధురమైనదన్న విచారణ పెట్టుకోవడం లేదు. ఏ వాద్యం ఏ పాటలకు చెందినది, గురువుకు దూరంగా ఉండి దాన్ని ఎంతవరకు నేర్చుకోవచ్చు, కర్ణాటక సంగీతంతో కొంత పరిచయం ఉన్న తెలుగువారికి ఏది త్వరగా పట్టుబడుతుంది అన్న విషయాలనే చూస్తున్నాను.

మొదట పాట, తరువాత వాద్యం

గ్రీకు సంప్రదాయ సంగీతంలో స్థూలంగా రెండు పాయలు కనిపిస్తాయి. మొదటిది పల్లెల సంగీతం; దీన్ని దిమోతికా అంటారు. పెళ్లిళ్లు, జాతరలు, పంటలు, చావులు, వలసలు ఈ పాటల సందర్భాలు. ఇందులోనే ప్రధాన భూభాగపు సంగీతం వేరు, ద్వీపాల సంగీతం వేరు. ప్రధాన భూభాగంలో, అంటే ఎపిరస్, రూమెలి, పెలొపొనీస్ ప్రాంతాలలో, క్లారినెట్, వయొలిన్, పిక్‌తో మీటే తీగెల వాద్యమైన లాఊతో, డప్పు వంటి దెఫి కలిసి కొంపానియా అనే మేళం అవుతుంది. ఏజియన్ ద్వీపాలలో వయొలిన్, లాఊతో జంటగా మోగుతాయి. ఇటువంటి జంటను జిగియా అంటారు. క్రీట్‌లో ఆ జంట కమానుతో వాయించే లీరా, లాఊతో. ఉత్తరాన త్రేస్, మాసిడోనియాలలో తిత్తి వాద్యమైన గైదా, గట్టిగా మోగే జుర్నా వినిపిస్తాయి. నల్లసముద్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన పొంతోస్ గ్రీకులకు తమదంటూ వేరే లీరా ఉంది.

రెండవ పాయ పట్టణాలది. 1922లో ఆసియా మైనర్‌లో గ్రీకు సేనలు ఓడిపోవడం, 1923లో గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడి ఒప్పందం జరగడంతో పది లక్షలకు పైగా శరణార్థులు గ్రీసు చేరుకున్నారు. స్మిర్నా, ఇస్తాంబుల్ నగరాల గానపద్ధతులను వారు వెంట తెచ్చుకున్నారు. పిరేయస్ రేవులోని పేదల పాటతో ఆ పద్ధతులు కలిసి బలపడిన సంగీతమే రెబేతికో. సిరోస్ ద్వీపంలో పుట్టిన మార్కోస్ వంవకారిస్ 1930లలో బుజుకిని ఈ సంగీతపు ప్రధాన వాద్యంగా నిలబెట్టాడు. 1936లో మొదలైన మెటాక్సాస్ నియంతృత్వం ఈ పాటల మీద సెన్సారు విధించింది. 2017లో యునెస్కో దీన్నే మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బుజుకి ఈ పాయకు చెందిన వాద్యమని గుర్తుంచుకుంటే ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది.

ముందుగా తెలుసుకోవలసిన తాళాలు, దారులు

వాద్యాన్ని ఎంచుకునే ముందు కొన్ని సంగీత పదాలు తెలిసి ఉండాలి. మన తాళజ్ఞానం ఇక్కడ నిజంగా అక్కరకు వస్తుంది. కలమతియానోస్ అనే నృత్యానికి 7/8 లెక్క. అందులో 7 మాత్రలు 3+2+2గా విడిపోతాయి. తకిట తకధిమి అని మిశ్ర చాపు వేయగలిగినవారికి ఈ నడక మొదటిసారి వినగానే అందుతుంది. పొంతోస్ గ్రీకుల తిక్, త్రేస్ ప్రాంతపు బైదూస్కా నృత్యాలలో వినిపించే 5 మాత్రల లెక్క మన ఖండ చాపుకు దగ్గరగా ఉంటుంది. కర్సిలమాస్‌లో 9 మాత్రలు 2+2+2+3గా నడుస్తాయి. రెబేతికోకు ముఖ్యమైన జేబేకికో కూడా 9 లెక్కే అయినా, అది చాలా విలంబంగా సాగుతుంది. త్సామికోస్ 3/4లో, క్రీట్ వారి పెంతోజాలి వేగమైన 2/4లో ఉంటాయి. పాశ్చాత్య సంగీతం మాత్రమే చదువుకున్న విద్యార్థి 7, 9 లెక్కల దగ్గర తడబడవచ్చు గాని, చాపు తాళాలు చేతిలో ఉన్నవారికి ఆ భయం అక్కరలేదు.

స్వరాల విషయంలో బుజుకి వాదకులు ద్రోమోస్ అనే మాట వాడతారు. ఒక్కొక్క ద్రోమోస్‌కు ఒక స్వరక్రమం, ఆరోహణ అవరోహణల అలవాట్లు, నిలబడే స్వరాలు ఉంటాయి. పేర్లు చాలావరకు ఒట్టోమన్ మకామ్ పద్ధతి నుంచి వచ్చినవి. స్వరస్థానాల వరకే తీసుకుంటే, బుజుకి మీది హిజాజ్ మన వకుళాభరణానికి, హిజాజ్‌కియార్ మాయామాళవగౌళకు, పిరేయస్ పేరు మీది పిరేయోతికోస్ కామవర్ధినికి, నియావెంత్ సింహేంద్రమధ్యమానికి సరిపోతాయి. ఉసాక్ మన తోడి స్వరాలకు దగ్గరగా వస్తుంది. సంగీత పాఠాల మొదటి రోజున సరళీ స్వరాలు మాయామాళవగౌళలో పాడిన ప్రతి ఒక్కరికీ హిజాజ్‌కియార్ వేళ్ల కింద సిద్ధంగా ఉన్నట్టే లెక్క.

అయితే ఈ పోలిక స్వరస్థానాల దగ్గరే ఆగిపోవాలి. తోడిలో గాంధారాన్ని ఊపినట్టు ఉసాక్‌లో ఊపితే అది గ్రీకు పాట కాకుండా పోతుంది. అక్కడి అలంకారాలు చిన్న స్పర్శ స్వరాలు, త్వరిత కంపనాలు, అక్కడక్కడ ఒక జారుడు. దీర్ఘమైన ఆందోళన గమకానికి చోటు తక్కువ. కర్ణాటక శిక్షణ ఉన్నవారు అన్నిటికంటే ఎక్కువగా శ్రమపడవలసింది తమ గమకాన్ని అదుపు చేసుకోవడంలోనే అని నా అభిప్రాయం. మరొక హెచ్చరిక కూడా అవసరం. ఒకే పేరు రెండు చోట్ల రెండు స్వరక్రమాలను సూచించవచ్చు. బుజుకి వాదకుల నియావెంత్‌లో ప్రతి మధ్యమం ఉంటుంది. టర్కీ మకామ్ పద్ధతిలోని నిహావెంద్‌లో శుద్ధ మధ్యమమే ఉంటుంది. అంతర్జాలంలో పాఠాలు చూసి నేర్చుకునేవారు ఆ పాఠం ఏ పద్ధతికి చెందినదో ముందే చూసుకోవాలి.

ఇంకొక్క పదం: తక్సీమి. పాటకు ముందు తాళం లేకుండా ఆ ద్రోమోస్ స్వరూపాన్ని చూపే ఆశువాదనమిది. మన ఆలాపనకు ఇది తోబుట్టువు వంటిది, నిడివి మాత్రం సాధారణంగా చాలా చిన్నది.

బుజుకి, జురాస్, బగ్లమాస్

ఈ మూడూ ఒకే కుటుంబం. సన్నని పొడవైన దండి, పియర్ పండు ఆకారపు కుండ, లోహపు మెట్లు, జంట తీగెలు అన్నిటికీ సమానం. బుజుకిలో రెండు రకాలున్నాయి, వీటి మధ్య ఎంపికే కొనుగోలుదారును ఎక్కువగా తికమక పెడుతుంది. త్రిఖోర్దో అనే పాత రకంలో 3 జంటలుగా 6 తీగెలుంటాయి. వాటిని పాశ్చాత్య స్వరనామాలలో రె–లా–రె అని, అంటే మన లెక్కలో స–ప–సగా శ్రుతి చేస్తారు. తెత్రాఖోర్దోలో 4 జంటలుగా 8 తీగెలు, శ్రుతి దో–ఫా–లా–రె. మనోలిస్ ఖియోతిస్ 1950లలో ఈ రెండవ రకాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దీని తీగెల మధ్య అంతరాలు గిటారు పై నాలుగు తీగెల అంతరాలే కాబట్టి, గిటారు వాదకులు ఒక స్వరం కిందికి దిగి అవే పట్లు పట్టుకోవచ్చు. వేగమైన స్వరపరుగులకు, ఒకేసారి మోగించే స్వరగుచ్ఛాలైన కార్డులకు తెత్రాఖోర్దో సౌకర్యంగా ఉంటుంది.

అయినా 1930ల నాటి రెబేతికో కోసం వచ్చినవారికి నేను త్రిఖోర్దోనే సూచిస్తాను. స–ప–స శ్రుతిలో కింది తీగెలు ఆధార శ్రుతిలా నిలిచి మోగుతుండగా పై తీగె మీద రాగం నడుస్తుంది. ఆ పాటల కట్టుబడే అలాంటిది. నాలుగు జంటల వాద్యంలో ఆ మోత రాదు, వచ్చినా కష్టపడి తెప్పించవలసి వస్తుంది. వీణలోనో తంబూరాలోనో షడ్జమ పంచమాల మోతకు అలవాటుపడిన చెవికి త్రిఖోర్దో శ్రుతి ఏమాత్రం కొత్తగా అనిపించదు. గిటారు మాత్రమే తెలిసి, 1950ల తరువాతి లైకా అనే జనరంజక పాటలు వాయించదలచినవారు తెత్రాఖోర్దో తీసుకోవడం ఉచితం.

జురాస్ బుజుకి శ్రుతిలోనే ఉండే చిన్న కుండ వాద్యం. చప్పుడు తక్కువ, ధ్వని సన్నన. అపార్టుమెంటులో రాత్రివేళ సాధన చేసుకునేవారికి ఇది మంచి ఎంపిక. బగ్లమాస్ మరీ చిన్నది, బుజుకికి ఒక స్థాయి పైన మోగుతుంది. కోటు కింద దాచుకోవడానికి వీలుగా ఉండేదని, జైళ్లలో కూడా తయారు చేసుకునేవారని దీని చరిత్ర చెబుతుంది. ధర తక్కువ, మోసుకెళ్లడం సులభం అన్న కారణాలతో చాలామంది దీనితో మొదలుపెడతారు గాని, మెట్లు మరీ దగ్గరగా ఉండటం వల్ల పెద్దవారి వేళ్లకు ఇరుకవుతుంది. పైగా మేళంలో దీని పని ఎక్కువగా లయను నింపడమే. మొదటి వాద్యంగా కంటే రెండవ వాద్యంగా ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

అంగడిలో పేర్లు చూసి మోసపోకూడదు. 1960ల నుంచి ఐర్లండ్ సంగీతంలో స్థిరపడిన ఐరిష్ బుజుకి వెనుకభాగం చదునుగా ఉంటుంది, శ్రుతి వేరు, ధ్వని వేరు. గ్రీకు పాటలకు అది సరిపడదు. అలాగే టర్కీ వారి బాగ్లామా పెద్ద వాద్యం, దాని మెట్లు కదిలించదగినవి. గ్రీకు బగ్లమాస్‌తో దానికి పేరు పోలికే గాని పనిలో పోలిక లేదు.

లాఊతో: తోడు వాయించేవారి కోసం

గ్రీకు సంగీతంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే వాద్యం లాఊతో. ద్వీపాలలోనైనా, క్రీట్‌లోనైనా, ప్రధాన భూభాగంలోనైనా రాగవాద్యం పక్కన కూర్చుని తాళాన్ని, శ్రుతిని, ఊపును మోసేది ఇదే. అయినా వినేవారిలో దాని పేరు తెలిసినవారు తక్కువ. పెద్ద కుండ, 4 జంట తీగెలు, పిక్‌తో మీటడం దీని లక్షణాలు. ప్రధాన భూభాగపు రకానికి దో–సోల్–రె–లా, క్రీట్ వారి పెద్ద రకానికి సోల్–రె–లా–మి శ్రుతి. ఈ రెండవది మాండొలిన్ శ్రుతి వరసే, స్థాయి మాత్రం కింద.

మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వేదికపై నిలిపిన యు. శ్రీనివాస్ పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టినవారు కావడం వల్లనో ఏమో, తెలుగు ఊళ్లలో మాండొలిన్ పట్టినవారు ఇప్పటికీ కనిపిస్తారు. వారిలో పంచమాంతరాల పాశ్చాత్య శ్రుతికి అలవాటుపడినవారికి క్రీట్ లాఊతో మీద పట్లు తెలిసినవే. కొత్తగా నేర్వవలసింది కుడిచేతి పని. సిర్తోస్ నడక, సూస్తా నడక, కలమతియానోస్ నడక, ఇలా ఒక్కొక్క నృత్యానికి పిక్ ఎగువ దిగువ దెబ్బల వరస వేరుగా ఉంటుంది. ఈ వరసలు పుస్తకంలో చదివితే అర్థం కావు, నర్తకుల పాదాలను చూస్తూ నేర్వవలసినవి. అందువల్ల నృత్య దృశ్యాలు చూస్తూ సాధన చేయడం ఈ వాద్యానికి మరీ అవసరం.

బుజుకికి, లాఊతోకు మరొక ముఖ్యమైన తేడా మెట్లలో ఉంది. బుజుకి మెట్లు లోహపువి, సమాన విభాగ పద్ధతిలో స్థిరంగా బిగించినవి. పన్నెండు స్వరస్థానాలకు నడుమ ఉండే సూక్ష్మ స్వరాలు వాటి మీద పలకవు. లాఊతో మెట్లు దండి చుట్టూ కట్టినవి, జరపదగినవి. బైజాంటైన్ చర్చి గానానికి, మకామ్‌కు దగ్గరైన సూక్ష్మ స్వరాలు కావాలనుకున్నవారు వాటిని సర్దుకోవచ్చు. ఇదే సౌకర్యం తంబూరాస్ అనే పొడవు దండి వాద్యంలోనూ ఉంది. గ్రీసు ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో, 1988లో పల్లీనిలో మొదటిది ప్రారంభమైనప్పటి నుంచి, విద్యార్థులకు తంబూరాస్ నేర్పుతూ వస్తున్నారు. సిద్ధాంతం లోతుగా తెలుసుకోవాలనుకునేవారికి తంబూరాస్ మంచి పలక. జనంతో కలిసి వాయించాలనుకునేవారికి లాఊతో.

మూడు లీరాలు

లీరా అనే పేరు చూసి ప్రాచీన గ్రీకు శిల్పాలలోని వాద్యాన్ని ఊహించుకోకూడదు. ఇప్పటి లీరా కమానుతో వాయించేది, మూడు తీగెలది, నిలువుగా పట్టేది. ఈ ఒకే పేరుతో కనీసం మూడు భిన్నమైన వాద్యాలున్నాయి కాబట్టి వీటి మధ్య తేడా స్పష్టంగా తెలియాలి.

క్రీట్ లీరా పియర్ పండు ఆకారంలో ఒకే కర్రను తొలిచి చేసినది. తీగెలు సోల్–రె–లా అని పంచమాంతరాలలో ఉంటాయి. వేళ్లతో తీగెను పలక మీదికి నొక్కరు. గోళ్లను పక్క నుంచి తీగెకు ఆనించి స్వరం పలికిస్తారు. ఈ ఒక్క విషయమే నేర్చుకునేవారిని మొదట్లో విసిగిస్తుంది, ఆపైన ఆకర్షిస్తుంది: గోరు తీగె వెంట జారినప్పుడు వచ్చే నునుపు మెట్ల వాద్యాలలో రాదు. రేథిమ్నో పట్టణంలో వాద్యాలు తయారుచేసిన మనోలిస్ స్తగాకిస్ ఇరవయ్యో శతాబ్ది మధ్యలో దీని ఇప్పటి రూపాన్ని స్థిరపరిచాడు. థనాసిస్ స్కోర్దాలోస్, కోస్తాస్ మౌంతాకిస్ వాదనలను పక్కపక్కన పెట్టి వింటే ఈ వాద్యంలో ఎన్ని స్వభావాలున్నాయో తెలుస్తుంది. అదే తరానికి కొంచెం తరువాతి నీకోస్ క్సిలూరిస్ లీరాతో పాటు గొంతుతో కూడా జనాన్ని గెలిచినవాడు. క్రీట్‌లో ఈ వాద్యం మంతినాదా అనే ద్విపదలతో కలిసి జీవిస్తుంది: 15 అక్షరాల పాదాలు రెండు, అంత్యప్రాసతో, తరచుగా ఆశువుగా చెబుతారు. లీరా వాదకుడు పాటకు పాటకు మధ్య మళ్లీ ఎత్తుకునే చిన్న రాగఖండాలకు కొంతిలియెస్ అని పేరు. వాటిని కంఠస్థం చేయడమే తొలి పాఠం.

రెండవది పొంతోస్ వారి లీరా; కెమెంజే అని పిలిచే ఇది సన్నని సీసా ఆకారంలో, పెట్టెలా ఉంటుంది. దీని మూడు తీగెలు చతుర్థాంతరాలలో ఉంటాయి. వాదకుడు ఒకేసారి రెండు తీగెల మీద కమాను నడిపి రాగాన్ని సమాంతర మధ్యమాలతో దట్టంగా పలికిస్తాడు. ఇక్కడ తీగెను వేలి కొనతోనే నొక్కుతారు. నర్తకుల వలయం మధ్య నిలబడి, నడుస్తూ వాయించడానికి ఇది అనువైనది. వేగం, వణుకు, 5, 7 మాత్రల ఉరవడి దీని సొత్తు. పొంతోస్ పాటలు మాత్రమే కావాలనుకునేవారు తప్ప దీన్ని మొదటి వాద్యంగా తీసుకోవద్దని నా సలహా, ఎందుకంటే దీని వాదనపద్ధతి మిగతా గ్రీకు ప్రాంతాల పాటలకు ఒదగదు.

మూడవది పొలీతికి లీరా. ఇది ఇస్తాంబుల్ నగరపు సంప్రదాయం నుంచి వచ్చినది, ఆకారంలో క్రీట్ లీరాకు దగ్గర, సంగీతంలో మకామ్‌కు దగ్గర. దీనిలోనూ గోటి పట్టే ఉంటుంది. నిదానమైన, అంతర్ముఖమైన సంగీతం కావాలనుకునేవారికి ఇది అపూర్వమైన వాద్యమే గాని, గురువు లేకుండా ముందుకు సాగడం మూడింటిలోకీ దీనిలోనే కష్టం.

కర్ణాటక వయొలిన్ నేర్చినవారికి నా సూచన క్రీట్ లీరా. కమాను మీద అదుపు, చెవితో శ్రుతి పట్టుకోవడం ఇదివరకే ఉంటాయి. కూర్చుని, వాద్యాన్ని మోకాలి మీద నిలువుగా ఆనించుకోవడం అలవాటు చేసుకోవాలి. ఐరిష్ సంతతికి చెందిన రాస్ డేలీ క్రీట్‌లో స్థిరపడి, హిందుస్తానీ సంగీతం కూడా అభ్యసించి, సారంగి వంటి వాద్యాల స్ఫూర్తితో అనునాద తంత్రులున్న లీరాను 1990 ప్రాంతంలో రూపొందించాడు. ఆయన స్థాపించిన లాబిరింత్ సంగీత శాల క్రీట్‌లోని హూదెత్సి గ్రామంలో శిబిరాలు నడుపుతుంది. భారతీయ సంగీతం నుంచి వచ్చేవారికి అది సహజమైన గమ్యం.

వయొలిన్, క్లారినో

ఇంట్లో ఇప్పటికే వయొలిన్ ఉన్నవారు కొత్త వాద్యం కొనకుండానే గ్రీకు సంగీతంలో అడుగుపెట్టవచ్చు. నాక్సోస్ వంటి ద్వీపాలలో వయొలినే ప్రధాన రాగవాద్యం. క్రీట్ పడమటి కొసన కిస్సామోస్ ప్రాంతంలో కూడా లీరా కంటే వయొలిన్‌కే మన్నన. ఖర్చు లేకుండా మొదలుపెట్టగల మార్గం ఇదే కాబట్టి, వయొలిన్ వాదకులు లీరా కొనేముందు ఒక ఏడాది ద్వీపాల సిర్తోస్, బాలోస్ నృత్యాల రాగాలను తమ వాద్యం మీదే వాయించి చూడటం వివేకం.

క్లారినో, అంటే గ్రీకుల క్లారినెట్, సంగతి వేరు. పంతొమ్మిదవ శతాబ్దంలో గ్రీసుకు వచ్చిన ఈ వాద్యం ఎపిరస్‌లో పాత పిల్లనగ్రోవుల, జుర్నాల పనిని తన మీద వేసుకుంది. అక్కడి పాటలు అర్ధస్వరాలు లేని అయిదు స్వరాల మీద నడుస్తాయి. మన శుద్ధ ధన్యాసి స్వరాలు తెలిసినవారికి ఆ మెట్లు తెలిసినట్టే. మిరోలోయి అనే శోకరాగంలో వాదకుడు స్వరం కొసను కిందికి జార్చే తీరు, స్కారోస్ అనే కాపరి రాగంలో ఒకే చోట తిరుగాడే తీరు, రెండూ అక్కడి పల్లెల్లో కొందరు ఆధార శ్రుతిని పట్టి ఉండగా మిగతావారు పాడే బహుకంఠ గానం నుంచి విడదీయలేనివి. ఖాల్కియాస్ కుటుంబపు వాదకుల రికార్డింగులు, ముఖ్యంగా తాసోస్, పెత్రోలూకాస్ వాయించినవి, ఈ పద్ధతికి ప్రమాణాలు. పాత ఆల్బర్ట్ పద్ధతి మీటల అమరిక ఉన్న క్లారినెట్టును అక్కడివారు ఇష్టపడతారు, దానిపై రంధ్రాలను వేలితో కొంచెం కొంచెంగా తెరిచి జారుడు తేవడం సులభమని వారి అనుభవం. తెలుగునాట బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించినవారికి ఊపిరి, పెదవి పట్టు ఇప్పటికే ఉంటాయి కాబట్టి, ఎపిరస్ సంగీతం వారికి అందుబాటులోనిదే. కొత్తగా ఊదడం మొదలుపెట్టేవారు మాత్రం రెండు మూడేళ్లు వాద్యం మీద పట్టు సాధించిన తరువాతే గ్రీకు అలంకారాల జోలికి వెళ్లాలి.

తక్కిన వాద్యాలు

సందూరి చిన్న కర్రలతో కొట్టి పలికించే సమలంబాకారపు తంత్రీవాద్యం. లెస్వోస్ ద్వీపంలోనూ ఆసియా మైనర్ శరణార్థుల మేళాలలోనూ దీనికి స్థానం ఉంది. కాశ్మీరీ సంతూర్ ఉన్నవారు పోలిక చూడవచ్చు గాని తీగెల అమరిక ఒకటి కాదు. శ్రుతి చేయడానికే చాలా సమయం పడుతుంది కాబట్టి, రోజుకు అరగంట మాత్రమే దొరికే ఉద్యోగులకు ఇది నప్పదు. కనొనాకి ఒళ్లో పెట్టుకుని వేళ్లకు తొడిగిన మీటులతో వాయించేది. తీగెల చివర ఉన్న చిన్న మీటలు ఎత్తి దించుతూ సూక్ష్మ స్వరాలు మారుస్తారు. మెట్లు లేని, మీటి వాయించే ఊతి స్మిర్నా పాటలకు, తక్సీమికి చక్కగా ఒదుగుతుంది. ఈ మూడూ ఒంటరిగా వాయించినా నిండుగా ఉంటాయి, కాని నృత్యానికి ఉరవడి ఇచ్చేవి కావు.

తిత్తి వాద్యాలలో గైదాకు ఆధార శ్రుతి పలికే వేరొక గొట్టం ఉంటుంది. ద్వీపాల త్సంబూనాకు అది ఉండదు, రెండు జంట గొట్టాలు కలిసి మోగుతాయి, పరిధి సుమారు 6 స్వరాలు. ఆంధ్ర వీధి భాగవతాలలో శ్రుతి కోసం వాడిన తిత్తిని చూసినవారికి మేకతోలు సంచి, గొట్టాల అమరిక వింతగా ఉండవు. తోలు ఆరకుండా, బూజు పట్టకుండా కాపాడటం మన వానాకాలంలో కష్టం. జుర్నా, దాఊలి మన సన్నాయి, డోలులాగా ఊరేగింపు వాద్యాలు; రెండు పీకల నాలుకతో మోగే జుర్నా ఇంట్లో వాయించదగినది కాదు.

చివరిగా తుబెలేకి అనే గిన్నె ఆకారపు చేతి డోలు. ఖర్చు తక్కువ, శ్రుతి సమస్య లేదు. ఏ వాద్యం ఎంచుకున్నా దీనితో గాని, కేవలం చేతి చప్పట్లతో గాని 7, 9 మాత్రల నడకలు స్థిరపరచుకున్నవారి సాధన వేగంగా సాగుతుంది.

ఎవరికి ఏది

స్థూలంగా నా సూచనలు ఇవి. గురువు అందుబాటులో లేనివారికి త్రిఖోర్దో బుజుకి లేదా జురాస్ సురక్షితమైన ఎంపిక: మెట్లు శ్రుతిని కాపాడతాయి, పాఠాలు విరివిగా దొరుకుతాయి, 1930ల రికార్డింగులు వినడానికి లభిస్తాయి. కమాను చేతిలో ఉన్నవారికి మొదట వయొలిన్, తరువాత క్రీట్ లీరా. మాండొలిన్ వాదకులకు క్రీట్ లాఊతో. ఊదే వాద్యం తెలిసినవారికి క్లారినో. గొంతు బాగున్నవారు వాద్యం జోలికి వెళ్లకముందే పాటలు నేర్వాలి. 2012లో మరణించిన దోమ్నా సామియు గ్రీసు అంతటా తిరిగి సేకరించి పాడిన పాటలు ప్రాంతాల మధ్య తేడాను చెవికి పట్టించడానికి సాటిలేనివి. ఏథెన్స్ వెళ్లే అవకాశం ఉన్నవారు ప్లాకాలోని జానపద వాద్యాల మ్యూజియాన్ని తప్పక చూడాలి. ఫీవోస్ అనోయనాకిస్ సేకరించిన దాదాపు 1200 వాద్యాలతో 1991లో తెరిచిన ఈ ప్రదర్శనశాలలో వాద్యం పక్కనే దాని ధ్వనిని వినే ఏర్పాటు ఉంది. కొనేముందు అక్కడ గడిపే ఒక పూట అంతర్జాలంలో చేసే వెతుకులాట కంటే ఎక్కువ స్పష్టత ఇస్తుంది.

కొనేటప్పుడు పర్యాటకుల అంగళ్లలో వేలాడే అలంకార వాద్యాలను పక్కన పెట్టాలి. బుజుకి అయితే దండి వంగలేదని, పన్నెండవ మెట్టు మీద స్వరం ఖాళీ తీగెకు సరిగ్గా తారస్థాయిగా పలుకుతుందని చూసుకోవాలి. లీరా అయితే బిరడాలు జారకుండా నిలబడటం, పై పలక పలుచగా, పగుళ్లు లేకుండా ఉండటం ముఖ్యం. మధ్యధరా వాతావరణంలో ఆరిన కర్ర విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, రాయలసీమ ఎండలో బిగుసుకుంటుంది. కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వాద్యాన్ని ఏసీ గాలికి ఎదురుగా పెట్టకుండా చూడాలి. బుజుకి తీగెలు సన్నని ఉక్కువి, కొస ఉంగరంలా చుట్టినవి. ఇవి ప్రతి అంగడిలో దొరకవు, అందుకే వాద్యంతో పాటు నాలుగైదు జతలు తెప్పించుకోవడం మంచిది.